ట్రాక్ కారులో ఆయిల్ ట్యాంకు ఎక్కడ బిగించాలి: బానెట్ కిందా, క్యాబిన్‌లోనా, డిక్కీలోనా?

డ్రై సంప్, అంటే ఇంజిన్ ఆయిల్‌ను అడుగు పళ్లెంలో (సంప్‌లో) కాకుండా విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటు, పెట్టుకోవాలని నిర్ణయించుకున్నవారు పంపు గురించీ, సంప్ లోతు గురించీ నెలల తరబడి చదువుతారు. ట్యాంకు చోటును మాత్రం చివరికి వదిలేస్తారు. కారులో ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ రెండు క్లాంపులు వేసి బిగించేస్తారు. తర్వాత ఏదో ఒక పొడవాటి మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు వణికినప్పుడు పంపును అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు పంపుది కాదు, ట్యాంకు కూర్చున్న చోటుది.

నా సలహా ముందే చెబుతాను. ఇంజిన్ ముందున్న కారైతే ట్యాంకును బానెట్ కిందే, ఇంజిన్‌నూ క్యాబిన్‌నూ వేరుచేసే గోడైన ఫైర్‌వాల్‌కు దగ్గరగా పెట్టండి. అక్కడ చోటు లేకపోతే బ్యాటరీని డిక్కీలోకి పంపి చోటు చేయండి. అదీ కుదరకపోతే డ్రైవరు పక్క సీటు ఉండే స్థానం చూడండి. డిక్కీ చివరి ఎంపిక. ముందు బంపర్ మూలను ఎంపికల్లో చేర్చవద్దు. ఈ వరుస ఎందుకో అర్థం కావాలంటే ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య నడిచే గొట్టాల సంగతి చూడాలి.

మూడు గొట్టాల్లో ఒకటే నిస్సహాయమైనది

డ్రై సంప్‌లో స్కావెంజ్ పంపులు క్రాంక్‌షాఫ్ట్ కింద పడిన ఆయిల్‌ను గాలితో సహా లాగి ట్యాంకు పైభాగానికి తోస్తాయి. అక్కడ ఆ నురుగు గోడ వెంట సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. గాలి విడిపోయి పైనున్న బ్రీదర్ గుండా బయటికి పోతుంది. అడుగున చేరిన ఆయిల్‌ను ప్రెషర్ పంపు పీల్చుకుని బేరింగులకు పంపుతుంది. అంటే ట్యాంకుకు మూడు గొట్టాలు: ఆయిల్ తిరిగి వచ్చేది, బ్రీదర్, పంపు పీల్చుకునేది.

తిరిగి వచ్చే గొట్టాన్ని వెనక నుంచి పంపు తోస్తుంది కాబట్టి అది కాస్త పొడవైనా, రెండు వంపులు తిరిగినా ఇబ్బంది లేదు. బ్రీదర్‌లో నడిచేది గాలి, కొద్దిగా ఆయిల్ ఆవిరి. పీల్చే గొట్టం మాత్రం వేరు. అందులో ఆయిల్‌ను ముందుకు నెట్టేది ట్యాంకులోని గాలి పీడనం ఒక్కటే, అంటే సుమారు 1 బార్. పంపు ఎంత పెద్దదైనా అంతకుమించి లాగలేదు. ఆ ఒక్క బార్‌లోంచే గొట్టం రాపిడికి కొంత, వంపులకు కొంత, కారు వేగం మారినప్పుడు పుట్టే బలాలకు కొంత పోతుంది. మిగిలింది మరీ తగ్గితే ఆయిల్‌లో కరిగి ఉన్న గాలి బుడగలై బయటపడుతుంది. పంపు ఆ బుడగలను మింగి బేరింగులకు పంపుతుంది. బేరింగుకూ క్రాంక్‌షాఫ్ట్‌కూ మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర తెగిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. 10డబ్ల్యూ-40 రకం ఆయిల్ 40 డిగ్రీల దగ్గర, 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పటికంటే ఆరేడు రెట్లు చిక్కగా ఉంటుంది. ఆ చిక్కటి స్థితిలో నిమిషానికి 40 లీటర్లు, లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లున్న 3 మీటర్ల గొట్టం గుండా లాగాలంటే దాదాపు అర బార్ రాపిడికే ఖర్చవుతుంది. మనకున్న మొత్తంలో సగం! అదే గొట్టం 25 మిల్లీమీటర్లదైతే ఆ నష్టం 0.17 బార్‌కు పడిపోతుంది. వ్యాసం పెరిగేకొద్దీ రాపిడి దాని నాలుగో ఘాతంలో తగ్గడం ఇందుకు కారణం. గొట్టం పొడవు అర మీటరుకు కుదిస్తే, 25 మిల్లీమీటర్ల వ్యాసంతో నష్టం 0.03 బార్. అది లెక్కలోకి కూడా రాదు.

కారు వేగం మారినప్పుడు పుట్టే బలాలూ తక్కువేమీ కావు. ట్యాంకు డిక్కీలో, పంపు ముందు ఉండి, మధ్యలో 3 మీటర్ల దూరం ఉందనుకోండి. మలుపు నుంచి బయటపడుతూ 0.5 జి త్వరణంతో (భూమి ఆకర్షణలో సగమంత బలంతో) దూసుకెళ్తుంటే గొట్టంలోని ఆయిల్ అంతా వెనక్కి, ట్యాంకు వైపు తూగుతుంది. పంపు దగ్గర 0.13 బార్ తగ్గుతుంది. ఇంజిన్ మీద భారం అత్యధికంగా ఉండేది కూడా సరిగ్గా ఆ క్షణంలోనే. బ్రేకు వేసినప్పుడు ఇదే బలం పంపుకు సాయం చేస్తుంది, కానీ అప్పుడు ఇంజిన్‌కు ఆ అవసరం అంతగా ఉండదు. ట్యాంకు పంపుకు అర మీటరు ముందుంటే 1.2 జి బ్రేకింగ్‌లో పోయేది 0.05 బార్ మాత్రమే. దగ్గరగా ఉంటే ఏ దిశలో ఉన్నా పెద్ద తేడా ఉండదు. దూరమైతేనే దిశ ముఖ్యమవుతుంది.

పొడవైన ట్యాంకు పట్టని చోటు మనకు పనికిరాదు

చోటు వెతికేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, ఖాళీకి తగిన ట్యాంకు ఎంచుకోవడం. వెడల్పుగా, పొట్టిగా ఉన్న ట్యాంకు ఎక్కడైనా ఇమిడిపోతుంది, అందుకే ఆకర్షిస్తుంది. దాని సంగతి మలుపులో తెలుస్తుంది.

150 మిల్లీమీటర్ల వ్యాసం, 450 మిల్లీమీటర్ల ఎత్తున్న గుండ్రటి ట్యాంకులో సుమారు 8 లీటర్లు పడుతుంది. అదే 8 లీటర్లను 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో పోస్తే ఆయిల్ లోతు 113 మిల్లీమీటర్లే. ఇప్పుడు 1.5 జి మలుపు తీసుకోండి. ఆయిల్ ఉపరితలం వాలిపోతుంది: మధ్య నుంచి పక్కకు జరిగే ప్రతి మిల్లీమీటరుకూ ఒకటిన్నర మిల్లీమీటర్లు. సన్నని ట్యాంకులో ఒక గోడ దగ్గర మట్టం 112 మిల్లీమీటర్లు దిగుతుంది, ఎదుటి గోడ దగ్గర అంతే ఎక్కుతుంది. మూడింట రెండు వంతులు నింపినా 300 మిల్లీమీటర్ల లోతున్న ఆయిల్‌కు అది పెద్ద విషయం కాదు. వెడల్పు ట్యాంకులో ఆ వాలుకు ఒక పక్క గోడ దగ్గర మట్టం 225 మిల్లీమీటర్లు దిగాలి, కానీ ఉన్న లోతే 113. అంటే ఆ పక్కన అడుగులో కొంత భాగం ఆయిల్ లేకుండా బయటపడుతుంది. లోపల అడ్డు పలకలు ఎన్ని పెట్టినా ఈ లెక్కను పూర్తిగా మార్చలేవు.

అదీకాక ట్యాంకును నిండా నింపకూడదు. పైన సుమారు మూడో వంతు ఖాళీ ఉంటేనే నురుగులోంచి గాలి విడిపోతుంది. కాబట్టి నిటారుగా 450 మిల్లీమీటర్ల ట్యాంకు, దాని పైన మూత తీయడానికి చేయి పట్టేంత జాగా, కింద గొట్టం తిరగడానికి జాగా: ఇవన్నీ కలిపి దాదాపు 600 మిల్లీమీటర్ల ఎత్తు దొరకని చోటును నేను జాబితాలోంచి కొట్టేస్తాను.

బానెట్ కింద

ఫైర్‌వాల్ మూలలో, ముందు చక్రాల ఇరుసు గీతకు వెనకగా ఉండే చోటు అన్నిటికంటే మంచిది. పంపు అర మీటరు దూరంలో ఉంటుంది. ఢీకొన్నప్పుడు ముందు భాగం నలిగినా ట్యాంకు దాకా రావడం అరుదు. మూత తీసి మట్టం చూడటం సులువు. గొట్టాల మొత్తం పొడవు తక్కువ కాబట్టి జాయింట్లు తక్కువ, లీకులు తక్కువ, ఆయిల్ త్వరగా వేడెక్కుతుంది.

అభ్యంతరాలు రెండు. మొదటిది వేడి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి తీసే వేడి గొట్టాలు) పక్కన ట్యాంకు పెడితే ఆయిల్ కూలర్ చేసిన పనిని మానిఫోల్డ్ చెడగొడుతుంది. అందువల్ల మానిఫోల్డ్ లేని వైపు ఎంచుకోవాలి. వేరే దారి లేకపోతే మధ్యలో గాలి ఆడే ఖాళీ వదిలి, వేడిని అడ్డే రేకు బిగించాలి. ట్యాంకుకే అంటించే వేడి నిరోధక పట్టీల కన్నా విడిగా నిలబడే రేకు మేలు. దాని రెండు వైపులా గాలి ఆడుతుంది, పైగా లీకు ఉంటే కనబడుతుంది.

రెండోది బరువు. ముందే ముక్కు బరువుగా ఉన్న కారులో ఇంకో 11, 12 కిలోలు చేర్చడం ఎవరికీ ఇష్టముండదు. 8 లీటర్ల ఆయిల్ దాదాపు 7 కిలోలు, మిగిలింది ట్యాంకు, బ్రాకెట్లు. కానీ దీన్ని కొలిచి చూడండి. 1,200 కిలోల కారులో 12 కిలోలను ముందు ఇరుసు మీద నుంచి వెనక ఇరుసు మీదికి మార్చితే బరువు పంపకంలో వచ్చే తేడా 1 శాతం. ఆ 1 శాతం కోసం పీల్చే గొట్టాన్ని 3 మీటర్లు చేయడం నాకు సమ్మతం కాదు. మామూలు బ్యాటరీ 15 కిలోల పైనే ఉంటుంది, దానికి కావలసింది రెండు కేబుళ్లు. కరెంటుకు జి బలాలతో పనిలేదు, చలికి చిక్కబడదు. కాబట్టి వెనక్కి వెళ్లాల్సింది బ్యాటరీయే.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2006 మోడల్‌గా వచ్చిన షెవర్లే కార్వెట్ జెడ్06ను చూడండి. 7 లీటర్ల ఎల్ఎస్7 ఇంజిన్‌కు డ్రై సంప్ ఇచ్చి, ట్యాంకును బానెట్ కిందే పెట్టారు, బ్యాటరీని వెనక భాగానికి తరలించారు. మొదట 8 క్వార్టులు, అంటే సుమారు 7.6 లీటర్లు ఉన్న ఆయిల్ సామర్థ్యాన్ని తర్వాతి సంవత్సరాల మోడళ్లలో 10.5 క్వార్టులకు, అంటే 10 లీటర్లకు దగ్గరగా పెంచారు. చోటు మాత్రం ఇంజిన్ పక్కనే ఉంచారు.

ముందు బంపర్ మూల, చక్రానికి ముందున్న ఖాళీ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ గొట్టాలు పొట్టిగానే ఉంటాయి, చల్లగాలి తగులుతుంది. కానీ ట్రాక్ మీద ముందుగా దెబ్బతినేది ఆ మూలే. చిన్న తాకిడికి ట్యాంకు పగిలితే మరిగే ఆయిల్ ట్రాక్ మీదా, మన ముందు టైర్ల కిందా పడుతుంది. వెనక వచ్చేవాళ్ల ప్రాణాలతో ముడిపడిన విషయం కాబట్టి ఇందులో రాజీ వద్దు.

డ్రైవరు పక్కన

పక్క సీటు తీసేసిన కారులో ఆ పాదాల చోటు చాలామందిని ఊరిస్తుంది. ఇందులో న్యాయం ఉంది. డ్రైవరు బరువుకు ఎదురుగా కొంత బరువు చేరుతుంది, అదీ రెండు ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా. ఏ వైపు నుంచి గుద్దుకున్నా కారులో చివరిదాకా నిలిచే భాగం అదే. పొడవైన ట్యాంకుకు కావలసిన ఎత్తు దొరుకుతుంది. ఫైర్‌వాల్‌కు ఆనించి పెడితే పీల్చే గొట్టం ఒక మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, 25 మిల్లీమీటర్ల వ్యాసం వాడితే అది నిశ్చింతగా పనిచేస్తుంది.

కానీ ఇక్కడ మీ పక్కన కూర్చునేది 100 నుంచి 130 డిగ్రీల వేడిలో ఉన్న ఆయిల్. ఒక్క జాయింటు వదులైనా అది పెడల్స్ దగ్గరికి కారవచ్చు, లేదా సన్నటి తుంపరగా లేచి హెల్మెట్ అద్దం మీద పడవచ్చు. అందువల్ల ట్యాంకు చుట్టూ అన్ని వైపులా మూసిన లోహపు పెట్టె ఉండాలి. పెట్టె అడుగున కారిన ఆయిల్ కారు కిందికి కాకుండా ఒక చిన్న పాత్రలోకి చేరే ఏర్పాటు ఉండాలి. గొట్టాలు ఫైర్‌వాల్‌ను దాటే చోట రంధ్రం చేసి రబ్బరు తొడుగు వేస్తే చాలదు. గోడకే బిగిసే బల్క్‌హెడ్ ఫిట్టింగులు వాడాలి. జాయింట్లన్నీ పెట్టె లోపలో, ఇంజిన్ వైపో ఉండాలి తప్ప డ్రైవరు ఉన్న గాలిలో ఉండకూడదు. పోటీల్లో దిగాలనుకుంటే ఆ పోటీ నిబంధనలు ఒక్క రంధ్రం చేయడానికి ముందే చదవండి. డ్రైవరుకూ ఆయిల్‌కూ మధ్య మూసిన అడ్డు ఉండాలన్న నియమం చాలా చోట్ల ఉంటుంది.

ఇంకొక సంగతి. పక్క సీటు పోతే శిక్షకుడికి చోటుండదు. ఇంకా నేర్చుకునే దశలో ఉన్నవారికి పక్కన కూర్చుని తప్పులు చెప్పే మనిషి, ఏ డ్రై సంప్ కన్నా ఎక్కువ సెకన్లు మిగులుస్తాడు. అలాంటివారు ఈ చోటును వదిలేయాలి.

డిక్కీలో

డిక్కీలో జాగాకు కొదవ ఉండదు. ఎంత పొడవు ట్యాంకైనా పడుతుంది, వేడి ఉండదు, పని చేయడం సులువు. అందుకే ఇంతమంది అటు మొగ్గుతారు. కానీ పైన చెప్పిన రాపిడి, తూగుడు లెక్కలన్నీ ఎదురు తిరిగేది ఇక్కడే.

వాటికి తోడు గొట్టాల్లో నిలిచే ఆయిల్ ఉంది. 25 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరుకు దాదాపు అర లీటరు, 19 మిల్లీమీటర్ల దానిలో 0.28 లీటరు పడుతుంది. మూడున్నర మీటర్ల చొప్పున రెండు గొట్టాలు వేస్తే 2.7 లీటర్ల ఆయిల్ దారిలోనే ఉంటుంది. దాని బరువు, గొట్టాల బరువు, జాయింట్ల బరువు కలిపితే బరువు పంపకంలో సంపాదించిన లాభంలో మంచి భాగం మొత్తం బరువు పెరగడంలో పోతుంది. ఆయిల్ వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది. గొట్టాలు కారు కింద నుంచి వెళ్తే రాళ్లు, ట్రాక్ అంచు దిమ్మెలు తగులుతాయి. లోపల నుంచి వెళ్తే క్యాబిన్ గురించి చెప్పిన జాగ్రత్తలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

ఇంత చెప్పినా డిక్కీయే దారి అయిన కార్లు ఉంటాయి. బానెట్ కింద టర్బోతో నిండిపోయి, పక్క సీటు తీయడానికి వీల్లేని కారుకు వేరే గతి లేదు. అలాంటప్పుడు పీల్చే గొట్టం 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 90 డిగ్రీల మోచేతి ఫిట్టింగుల బదులు గొట్టాన్నే పెద్ద వంపుతో తిప్పాలి. ట్యాంకుకు వేడి చేసే ప్యాడ్ అతికించి, ఆయిల్ 60 డిగ్రీలు దాటేవరకు ఇంజిన్ వేగం పెంచకూడదు. ట్యాంకును డిక్కీ వెనక అంచున కాకుండా వెనక సీటు గోడకు ఆనించి, ఇరుసుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. అలా చేస్తే గొట్టమూ తగ్గుతుంది, వెనక నుంచి గుద్దుకున్నప్పుడు రక్షణా ఉంటుంది.

ఇంజిన్ వెనకో, మధ్యలోనో ఉంటే

సూత్రం మారదు, పంపు ఉన్న చోటే మారుతుంది. ఇంజిన్ మధ్యలో ఉన్న కారులో సీటు వెనక గోడకూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న సందు అన్నివిధాలా ఉత్తమం. ఫార్ములా వన్ కార్లలో ఒకప్పుడు గేర్‌బాక్స్ వైపున్న ఆయిల్ ట్యాంకు 1990ల చివర్లో ఇంజిన్‌కు ముందు వైపుకు మారి, అక్కడే స్థిరపడింది. కేటర్‌హామ్ సెవెన్ లాంటి చిన్న కార్లలో, క్లచ్‌ను కప్పే తొడుగైన బెల్‌హౌసింగ్‌నే ట్యాంకుగా మలిచిన ఏర్పాటూ ఉంది. చోటు అసలు లేని కారుకు అది తెలివైన పరిష్కారం, అయితే క్లచ్ వేడిని దృష్టిలో పెట్టుకోవాలి.

పోర్షె 911 కథ మరీ ఆసక్తికరం. మొదటి నుంచీ దానికి డ్రై సంప్ ఉంది, ట్యాంకు కుడి వెనక చక్రానికి వెనక ఉండేది. 1972 మోడల్‌లో బరువును కాస్త ముందుకు తేవాలని ట్యాంకును అదే చక్రానికి ముందుకు మార్చారు, ఆయిల్ పోయడానికి తలుపు వెనక బాడీ మీదే ఒక చిన్న మూత పెట్టారు. కారు నడత పరంగా అది సరైన చోటు. కానీ పెట్రోలు పోసే మూత అనుకుని అందులో పెట్రోలు పోయడం మొదలైంది. 1973 మోడల్‌కు ట్యాంకు పాత చోటికి వెళ్లిపోయింది. మీ కారులో ట్యాంకు మూత ఎక్కడ తెరుచుకుంటుందో, దాన్ని చూసి ఎవరు ఏమనుకుంటారో కూడా ఆలోచించి, మూత మీద పెద్ద అక్షరాలతో ఆయిల్ అని రాయండి.

ఎత్తు విషయం

ట్యాంకు అడుగు పంపు కన్నా పైనుంటే పీల్చడం సులువవుతుంది. మీటరు ఎత్తుకు వచ్చే లాభం 0.085 బార్ మాత్రమే అయినా, ఆయిల్ తనంతట తానే పంపుకు చేరడం స్టార్టింగ్‌లో విలువైనది. కానీ కారు రోజుల తరబడి నిలిచి ఉంటే ఆ ఆయిలే పంపు సందుల్లోంచి నెమ్మదిగా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. అప్పుడు మట్టం చూసి తక్కువైందని ఇంకో రెండు లీటర్లు పోస్తే, ఇంజిన్ నడిచాక ట్యాంకు పొంగి బ్రీదర్ గుండా బయటికి వస్తుంది. మట్టం ఎప్పుడూ ఇంజిన్ వేడిగా నడిచిన వెంటనే చూడాలి.

పీల్చే గొట్టానికి ట్యాప్ పెట్టడం మరో మార్గం. ట్యాప్ తెరవడం మరిచి స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోతుంది కాబట్టి, ట్యాప్ పూర్తిగా తెరిస్తేనే స్టార్టర్ తిరిగేలా స్విచ్ కలపకుండా దాన్ని బిగించవద్దు. నా వరకు ట్యాంకు అడుగు పంపుతో సమంగా, లేదా ఒకటి రెండు అంగుళాలు పైన ఉంచి ట్యాప్ లేకుండా నడపడమే నచ్చుతుంది.

బ్రీదర్ గొట్టం ట్యాంకు పైనుంచి ఎక్కుతూ వెళ్లి విడి పాత్రలోకి చేరాలి. ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ) అపెండిక్స్ జె నియమాల్లో ఆ పాత్రకు కనీస పరిమాణం 2,000 సీసీ వరకు ఉన్న ఇంజిన్లకు 2 లీటర్లు, ఆపై 3 లీటర్లు. పోటీలో దిగని కారుకైనా ఈ కొలత పాటించడం మంచిది.

బిగించే ముందు

అట్టతో ట్యాంకంత గొట్టం చేసి చోటులో నిలబెట్టండి. మూత తెరుచుకుంటుందా, స్పానర్ తిరుగుతుందా, ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగినప్పుడు గొట్టాలకు కాస్త వదులు మిగులుతుందా చూడండి. పలచటి బాడీ రేకుకు బ్రాకెట్ బిగించాల్సి వస్తే వెనక మందపాటి పలక వేయండి. 12 కిలోల ట్యాంకు 1.5 జి మలుపులో 18 కిలోల బలంతో లాగుతుంది, దిమ్మెలు ఎక్కినప్పుడు ఇంకా ఎక్కువ. రెండు క్లాంపులు, మధ్యలో రబ్బరు, ట్యాంకు నిటారుగా. బ్రాకెట్‌ను ట్యాంకుకే వెల్డ్ చేస్తే కంపనానికి అతుకు దగ్గర పగుళ్లు వస్తాయి.

అంతా అయ్యాక స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంధనం ఆపి, ప్రెషర్ చూపించేవరకు స్టార్టర్‌తో తిప్పండి. ట్రాక్ మీద తొలిసారి ఆయిల్ ప్రెషర్‌ను డేటా లాగర్‌లో జి బలాలతో పాటు నమోదు చేయండి. ప్రెషర్ ఒకే వైపు మలుపుల్లో పడిపోతుంటే మట్టాన్నీ, ట్యాంకు అడుగున ఆయిల్ బయటికి వచ్చే రంధ్రం ఏ వైపుందో దాన్నీ చూడండి. మలుపు దాటి వేగం అందుకునేటప్పుడు పడిపోతుంటే పీల్చే గొట్టం పొడవును, వ్యాసాన్ని అనుమానించండి. అన్ని వైపులా, మెల్లగా, ల్యాపులు గడిచేకొద్దీ తగ్గుతుంటే ట్యాంకు పైన గాలి విడిపోయే ఖాళీ చాలడం లేదేమో, లేదా ఆయిల్ మరీ వేడెక్కుతోందేమో చూసుకోండి.